సున్నా వచ్చినా ఫరవాలేదు

ద్వారకా నగర్లో, బస్ కాంప్లెక్సు పక్క సందుల్లో, ఏ గైడ్ల షాపులో అడిగినా భీమశంకరరావు మాస్టారిని గుర్తుపడతారు. "కిటుకుల మాస్టారేనా?" అని నవ్వుతారు కూడా. ఆ నవ్వులో వెటకారమేమీ లేదు లెండి, గౌరవమే. ముప్ఫై నాలుగేళ్ళుగా ఆయన ఆ సందుల్లోనే ఒక కోచింగ్ సెంటర్ మూడో అంతస్తులో లెక్కలు చెబుతున్నారు. లిఫ్టు పెట్టిస్తామని యాజమాన్యం అన్నప్పుడు ఆయనకి తల నల్లగా ఉండేది. ఇప్పుడు జుట్టు తెల్లబడింది, లిఫ్టు మాత్రం రాలేదు.

ఆయన తండ్రి రాజోలు వైపు నుంచి పోర్టులో గుమస్తా ఉద్యోగానికి వచ్చి, పోర్టు క్వార్టర్సులోనే పిల్లల్ని పెంచారు. కొడుకు ఎమ్మెస్సీలో ఫస్టు వచ్చి, గ్రాఫుల మీద పరిశోధనకి కూర్చున్నాడు. రెండేళ్ళు కూర్చున్నాడు. మూడో ఏడు పెళ్ళయింది, నాలుగో ఏడు కోచింగ్ సెంటర్ వాళ్ళు పిలిచారు, థీసిస్ కాగితాలు అట్టపెట్టెలోకి వెళ్ళాయి. అంతే సంగతులు. అడిగిన వాళ్ళకి మాత్రం "టైము దొరకలేదండీ" అంటూ ఉంటారు. టైము దొరక్క కాదు, బోర్డు ముందు నిలబడి వందమంది చేత అబ్బో అనిపించుకోవడం రుచి మరిగింది. ఆ రుచి మహా చెడ్డది.

ఆ అబ్బో అనిపించిన వాటిలో పెద్దది మూల కిటుకు. అదేమిటో కాస్త చెప్పుకోవాలి, లేకపోతే మాస్టారి బాధ మనకి అందదు. లెక్కలంటే భయమున్న వాళ్ళు కంగారు పడక్కర్లేదు.

కొన్ని చుక్కలు పెట్టి, వాటిలో కొన్నిటిని గీతలతో కలిపితే దాన్ని గ్రాఫ్ అంటారు. ఏ చుక్కకీ ఏ చుక్కకీ మధ్య గీత ఉందో ఒక పట్టికలో రాసుకోవచ్చు. గీత ఉంటే ఒకటి, లేకపోతే సున్నా. ఒకటో చుక్క నుంచి మూడో చుక్కకి గీత ఉందంటే మూడు నుంచి ఒకటికీ ఉన్నట్టే గనక, ఆ పట్టికని మూల నుంచి మూలకి మడిస్తే రెండు వైపులా ఒకేలా ఉంటుంది. సిమెట్రిక్ మాట్రిక్స్ అంటే అదే. ఇప్పుడు ఒక్కో చుక్కకి మనకి తోచిన అంకె ఒకటి ఇద్దాం. ప్రతి గీతకీ రెండు కొసల అంకెల్నీ గుణించి, అన్నీ కలిపి, రెట్టింపు చేస్తే వచ్చేది క్వాడ్రాటిక్ ఫారం. పరీక్షలో అడిగేది ఒక్కటే: ప్లస్సులిచ్చినా మైనస్సులిచ్చినా సరే, ఈ మొత్తం సున్నా కిందికి దిగదని చెప్పగలమా?

సరైన దారిలో తేల్చడానికి పది నిమిషాలు పడుతుంది. మాస్టారి దారిలో ముప్ఫై సెకన్లు. పట్టికలో ఎడమ పై మూల నుంచి ఒక గడి, ఆ తర్వాత రెండు వరసల చదరం, ఆ తర్వాత మూడు వరసల చదరం తీసుకుని ఒక్కోదానికీ ఒక్కో అంకె లెక్కగట్టాలి, డిటర్మినెంట్ అంటారు దాన్ని. అన్నీ ప్లస్ వస్తే మొత్తం సున్నా కిందికి దిగదు. ఇంతవరకూ పుస్తకాల్లో ఉన్నదే, ముమ్మాటికీ నిజం. మాస్టారు దీనికి సొంతంగా ఒక తోక తగిలించారు. "సున్నా వచ్చినా ఫరవాలేదు" అని. బోర్డు మీద ఆ మాట రాసి సుద్దముక్కతో చుట్టూ గుండ్రంగా గీత గీస్తే క్లాసు చప్పట్లు కొట్టేది. ఆ తోక తప్పు అని ఇరవై ఏళ్ళపాటు ఎవరూ చెప్పలేదు. ఆయన కూడా సరిచూసుకోలేదు.

చెప్పిన పిల్ల పేరు అనూరాధ. పదకొండేళ్ళ కిందటి మాట. జాలరిపేట నుంచి వచ్చేది, డిగ్రీ ఆఖరి సంవత్సరం. తండ్రి తాతబాబు ఇప్పటికీ వేటకెళ్ళే మనిషి. ఎమ్మెస్సీ సీట్ల కోసం దేశమంతా రాసే పరీక్ష ఒకటుంది, అందులో నెగ్గితే పెద్ద సంస్థలో చదువు, ఆ పైన పరిశోధన. ఆ పిల్లకి కావలసింది అదే. మూడో బెంచీలో గోడ పక్కన కూర్చునేది. అందరూ కిటుకు రాసుకుంటుంటే తను ఆ కిటుకు ఎందుకు పనిచేస్తోందా అని తల గోక్కునేది. మాస్టారికి ఆ పిల్లంటే ఇష్టం. తన పాత కాగితాల పెట్టె గుర్తొచ్చేది ఆ పిల్లని చూస్తే.

ఆ రోజు ఆదివారం, డెమో క్లాసు. కోచింగ్ సెంటర్లలో ఇదొక ఆచారం. కొత్తగా చేర్పించబోయే తల్లిదండ్రుల్ని వెనక బెంచీల్లో కూర్చోబెట్టి, పాత పిల్లల ముందు మాస్టారి చేత ఒక గంట ఆడిస్తారు. మేనేజరు శ్రీరామ్మూర్తి గుమ్మంలో నిలబడి, ఎవరి తల ఊగింది, ఎవరిది ఊగలేదు అని చూసుకుంటూ ఉంటాడు. డెమోకి మాస్టారు ఎప్పుడూ మూల కిటుకే చెప్పేవారు. ఆ రోజూ తోక దాకా వచ్చి, సున్నా వచ్చినా ఫరవాలేదని రాసి, చుట్టూ గీత గీశారు. అప్పుడు మూడో బెంచీలో చెయ్యి లేచింది.

ఆ పిల్ల బోర్డు దగ్గరికి వచ్చి మూడు చుక్కలు పెట్టింది.

"మా హార్బర్లో మూడు పడవలనుకోండి సార్. నడి పడవకి అటొకటి ఇటొకటి కట్టీసి ఉన్నాయి. ఆ రెండిటికీ మద్దిన తాడు లేదు. నడి పడవకి మూడో నంబరిత్తే మీ మూల్లో అన్నీ సున్నాలే వొత్తన్నాయి, కిందికి దిగదని వొత్తాది. అదే పడవకి రెండో నంబరిత్తే మైనస్ ఒకటొత్తంది. నంబర్లు మార్సి రాసినంత మాత్రాన తాళ్ళు మారిపోతాయేటి సార్?"

మాస్టారికి లెక్క అప్పటికి పూర్తిగా అందలేదు గానీ, పిల్ల మాటలో ఏదో ఉందని తోచింది. గుమ్మం వైపు చూశారు. శ్రీరామ్మూర్తి చేతి గడియారం చూసుకుంటున్నాడు. వెనక బెంచీలో ఒకాయన పక్కాయన చెవిలో ఏదో అంటున్నాడు. ప్లస్సు మైనస్సు గుర్తు ఎక్కడో తప్పావు, తర్వాత చూద్దాం కూర్చోమ్మా అని మాస్టారు బోర్డు తుడిచేశారు. తల్లిదండ్రుల తలలు ఊగాయి.

సీతమ్మధారలో ఇంటికి చేరాక, కాఫీ తాగుతూ, కరెంటు బిల్లు వెనక ఆ మూడు చుక్కలూ పెట్టి చూశారు. నడి చుక్కకి మైనస్ ఒకటి, పక్క చుక్కలకి చెరో ఒకటి. రెండు గీతలకీ కలిపి మైనస్ రెండు, రెట్టిస్తే మైనస్ నాలుగు. సున్నా కిందికి శుభ్రంగా దిగిపోయింది. కిటుకు అబద్ధం, పిల్ల చెప్పింది నిజం. ఒక్క లెక్క తప్పని చెప్పి ఊరుకోలేదు ఆ పిల్ల. నంబర్లు మార్చినా గ్రాఫు మారదు గనక, నంబర్లు మారితే మారిపోయే జవాబు గ్రాఫుకి జవాబే కాదని, అసలు సంగతి పట్టుకుంది. థీసిస్ రోజుల్లో ఇలాంటి చూపు కోసమే ఆయన రెండేళ్ళు తపించారు.

నిజం చెప్పొద్దూ, ఆయనకి ముందు సంతోషమే కలిగింది. పెద్దగా నవ్వేశారు. వంటింట్లోంచి భార్య కామేశ్వరి ఏమైందంటే, ఓ పిల్ల నాకు పాఠం చెప్పిందోయ్, రేపు క్లాసులో అందరి ముందూ ఒప్పేసుకుంటాను అన్నారు. ఆమె కూడా నవ్వి, మంచిదేగా అంది.

మర్నాడు మెట్లెక్కుతుంటే రెండో అంతస్తు గోడకి కొత్త ఫ్లెక్సీ కనిపించింది. మాస్టారి ఫోటో, కింద ఎర్ర అక్షరాల్లో మూల కిటుకు, ముప్ఫై సెకన్లు. పైకెళ్తే శ్రీరామ్మూర్తి ఎదురొచ్చి, డెమోకొచ్చిన వాళ్ళలో చాలామంది చేరారని, కొత్త మెటీరియల్ చివరి పేజీ నిండా కిటుకే వేయించామని, అచ్చు కూడా అయిపోయిందని చెప్పాడు. ఆ రోజు మాస్టారు వేరే చాప్టరు చెప్పారు. మంగళవారం అన్నారు. మంగళవారం శుక్రవారమైంది. ఇంట్లో కామేశ్వరి అడిగితే చెప్పేశానుగా అని బుకాయించారు. ఇదిగో, ఇలాగే మొదలవుతాయి పాడుపనులన్నీ, రేపు చేద్దాంలే అనుకోవడంతో.

శుక్రవారం క్లాసయ్యాక అనూరాధే వచ్చింది నోటుపుస్తకం పట్టుకుని. చూశారా సార్ అని అడిగింది. గదిలో ఇంకెవరూ లేరు. చెప్పడానికి అంతకంటే మంచి అదను ఉండదు. ఒక్కదానికైనా చెప్పొచ్చు, చెప్పి ఇంకెవరితో అనకమ్మా అని బతిమాలుకోవచ్చు. ఆ పాటి నీతి కూడా ఆ పూట ఆయన దగ్గర లేకపోయింది. ఆ పిల్ల బయటికెళ్ళి నలుగురితో అంటే, నలుగురూ నలభైమందైతే అని భయపడ్డారు.

"చూశానమ్మా. గుర్తే తప్పావు. పరీక్షలో ఇలాంటి తెలివితేటలు పెట్టుకోకు, నా పద్ధతిలోనే చెయ్యి" అన్నారు.

అనూరాధ కాసేపు ఆ పేజీ వంక చూసింది. తర్వాత అక్కడే నిలబడి, పెన్ను తీసి, ఆ పేజీ మొత్తం అడ్డంగా కొట్టేసింది. సరే సార్ అని వెళ్ళిపోయింది. అంత నమ్మకం.

పరీక్ష ఫిబ్రవరిలో అయింది. ఆ సాయంత్రమే మెట్లన్నీ ఒక్క పరుగున ఎక్కి వచ్చింది ఆ పిల్ల.

"సార్, మీ మూల కిటుకు లెక్కొచ్చింది సార్. సున్నాలే వొచ్చేయి. ముప్పై సెకన్లలో పెట్టీసేను!"

మాస్టారు బాగుందమ్మా అన్నారు. ఇంకేమంటారు? ఆ రాత్రి నుంచి రిజల్టు వచ్చేదాకా ఆయన అన్నం సరిగ్గా తినలేదు, ఎందుకని కామేశ్వరి అడిగితే గ్యాస్ అన్నారు. రిజల్టు వచ్చింది. ఆ పరీక్షలో ఒప్పుకి మూడు మార్కులు, తప్పుకి ఒక మార్కు కోత. అంటే ఆ ఒక్క లెక్క దగ్గర నాలుగు మార్కుల తేడా. అనూరాధకి సీటు రెండు మార్కుల్లో పోయింది.

వారం తిరక్కుండా తాతబాబు కోచింగ్ సెంటర్‌కి వచ్చాడు, బుజాన సంచీతో. దెబ్బలాటకొచ్చాడేమో, రానీ, నాలుగు తిట్టనీ అనుకున్నారు మాస్టారు. తాతబాబు దెబ్బలాటకి రాలేదు. సంచీ నిండా తాటి ముంజలు తెచ్చాడు. "సేపలు మీరు తినరు కదండి మేష్టారూ, అందుకని ఇవి తెచ్చేను. మీరు సెయ్యాల్సిందంతా సేసేరు. మా పిల్లకే గీత లేదు" అని దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. ఇంట్లో కామేశ్వరి ఆ ముంజలు ఒలిచి పళ్ళెంలో పెడితే మాస్టారు ఒక్కటి కూడా నోట పెట్టుకోలేకపోయారు.

మళ్ళీ ఏడు రాయమ్మా, ఫీజు వద్దు అని కబురు పెట్టారు. రాయనంది. లెక్కలు నాకంతగా రావు సార్, వొచ్చనుకున్నాను అని ఫోనులో చెప్పింది. దూరవిద్యలో ఎమ్మెస్సీ కట్టి, పెందుర్తిలో ఏదో ప్రైవేటు డిగ్రీ కాలేజీలో చేరిందని తర్వాత తెలిసింది. మాస్టారు మరుసటేడు మెటీరియల్ లోంచి చివరి పేజీ తీయించేశారు. ఎందుకని శ్రీరామ్మూర్తి అడిగితే సిలబస్ మారిందన్నారు. తోక తెగింది, తప్పు ఒప్పుకోకుండానే పని జరిగిపోయింది. ఆయన ఇక ఊపిరి పీల్చుకోవచ్చనుకున్నారు గానీ, ఊపిరి మాత్రం పదకొండేళ్ళూ సగంలోనే ఆగింది. ఎక్కడ చేపల బుట్ట కనిపించినా మొహం తిప్పుకునేవారు. బీచ్ రోడ్డు మీద నడకకి వెళ్ళడం మానేశారు, జాలరిపేట వైపు చూడాల్సి వస్తుందని.

పోయిన నెల్లో కొత్త బ్యాచిలో శ్రీవల్లి అనే అమ్మాయి బోర్డు మీద లెక్క చేస్తూ, మూల నుంచి మూడు చదరాలు తీసి, రెండు సున్నాలు రాగానే, సున్నా వచ్చినా ఫరవాలేదు అని గట్టిగా చదివి, కింద గీత గీసింది. ఎవరు చెప్పారమ్మా ఇది అని మాస్టారు అడిగారు. పెందుర్తిలో మా అనూరాధ మేడమ్ చెప్పారు సార్, మీ పద్ధతే అంట కదా, ప్రతి బ్యాచికీ మీ పేరు చెప్పి మరీ చెబుతారు అంది ఆ పిల్ల.

ఆ సాయంత్రం ఆయన కామేశ్వరికి మొత్తం చెప్పేశారు. అప్పుడు క్లాసులో ఒప్పుకోలేదన్న సంగతి కూడా చెప్పారు. ఆమె పప్పులో రాళ్ళు ఏరుతూనే ఒక్క మాట అంది. "నాతో అబద్ధమాడారు, సరే, నేను మీ పెళ్ళాన్ని, పడతాను. ఆ పిల్ల ఎందుకు పడాలండీ?"

ఆదివారం పొద్దున్నే పెందుర్తి బస్సెక్కారు. గోపాలపట్నం దాకా ఏం చెప్పాలో మనసులో వల్లె వేసుకున్నారు. అమ్మా, అప్పుడు నువ్వు చెప్పిందే ఒప్పు, నేను పొరపాటు పడ్డాను, ఈ మధ్య పాత కాగితాలు తిరగేస్తుంటే తెలిసింది. బాగుంది, ఎక్కడా పెద్దగా అబద్ధం లేదు. వేపగుంట దాటాక ఆ 'ఈ మధ్య' అన్న మాట దగ్గర ఆగిపోయారు. అయినా ఉంచారు. అరవై మూడేళ్ళ మనిషికి ఆ మాత్రం మరుగు ఉండొద్దా అనుకున్నారు.

ఇల్లు కొత్త కాలనీలో. ముందు రేకుల పందిరి, దాని కింద పదిహేనుమంది డిగ్రీ పిల్లలు, గోడకి నల్లబోర్డు. అనూరాధ కాస్త ఒళ్ళు చేసింది, కళ్ళజోడు వచ్చింది. మాస్టారిని చూడగానే సుద్దముక్క పట్టుకునే రెండు చేతులూ జోడించింది. పిల్లల వైపు తిరిగి, మూల కిటుకు సార్ అంటే ఈ సారే, లేవండి అంది. పదిహేనుమందీ లేచి నిలబడ్డారు. మాస్టారికి తల కొట్టేసినట్టయింది.

నీతో ఒక మాట మాట్లాడాలమ్మా అని గేటు దగ్గరికి తీసుకొచ్చారు. వల్లె వేసిందంతా చెప్పారు. నడి పడవ సంగతి, మైనస్ నాలుగు సంగతి, తోక తప్పన్న సంగతి. అనూరాధ మొదట ఏదో వేరే పిల్ల కథ వింటున్నట్టు విన్నది. తర్వాత గేటు పట్టుకుంది.

"ఆ తప్పెక్కడుందా అని శానా రోజులు ఎతికేను సార్" అంది. "కొట్టీసిన పేజీ మళ్ళీ ఎత్తి రాసుకున్నాను. గుర్తు ఎక్కడ తప్పేనో దొరకలేదు. నా తప్పు నాకే కనబడ్డం లేదంటే ఇంక నాకు లెక్కలేటొత్తాయి అని, అప్పుడే వొగ్గీసేను."

మాస్టారు ఏదో అనబోయారు. ఆమె ఆగమన్నట్టు చూసింది.

"మీకు ఎప్పుడు తెలిసింది సార్?"

వల్లె వేసుకున్న మాట నాలుక మీదే ఉంది. ఈ మధ్య. చెబితే ఆ పిల్ల నమ్ముతుంది. ఎప్పుడు నమ్మలేదు గనక? చెబితే తను పొరపాటు పడ్డ పెద్దమనిషిగా బస్సెక్కి ఇంటికెళ్ళొచ్చు. కళ్ళజోడు వెనక ఆ కళ్ళు చూశారు.

"ఆ సాయంత్రమే" అన్నారు. "డెమో రోజు. శుక్రవారం నీతో అన్నప్పుడు తెలిసే అన్నాను."

అనూరాధ ఏడవలేదు, తిట్టలేదు. తిడితే బాగుండునని ఆయన ప్రాణం కొట్టుకుంది. ఆమె గేటు వదిలేసి పందిరి కిందికి వెళ్ళింది. గుడ్డ తీసుకుని బోర్డు తుడిచింది.

"సున్నా వచ్చినా ఫరవాలేదని రాసుకున్నారు కదా, అది తప్పు. నాను మీకు తప్పు సెప్పేను. కొట్టీయండి."

ఎవరిదని చెప్పలేదు. తన తప్పే అంది. పిల్లలు పుస్తకాలు తెరిచి కొట్టేసుకున్నారు. ఎవరూ నవ్వలేదు, ఎవరూ లేచి వెళ్ళిపోలేదు, మేడమ్ తప్పు చెప్పిందట అని ఎవరూ ఎవరి చెవిలోనూ అనుకోలేదు. వెనక కూర్చున్న ఒకమ్మాయి మాత్రం, మరి సున్నాలొస్తే ఏం చెయ్యాలి మేడమ్ అని అడిగింది. మొత్తం అర నిమిషం పట్టలేదు.

సున్నాలొస్తే ఏం చెయ్యాలో మాస్టారికి తెలుసు. ఎడమ మూల ఒక్కటే చూస్తే చాలదు, ఏ చుక్కల్ని ఎంచుకున్నా వాటి చదరాలన్నీ చూడాలి. చెప్పడానికి గొంతు సవరించుకుని, పందిరి వైపు రెండడుగులు కూడా వేశారు. ఇటు తిరుగుతుంది, సార్ మీరు రండి అంటుంది అనుకున్నారు. అనూరాధ ఇటు తిరగలేదు. సుద్దముక్క తీసుకుని, నాకూ తెలీదు, ఆలోచిద్దాం అని ఆ అమ్మాయితో అని, బోర్డు మీద మొదట్నుంచీ మొదలుపెట్టింది. ఆయన ఇంకాసేపు అక్కడే నిలబడి, తర్వాత గేటు చప్పుడు కాకుండా వేసి బస్టాపు వైపు నడిచారు.